బేతోవెన్ 32 సొనాటాలు: మీ సెట్ ఎలా ఎంచుకోవాలి

బేతోవెన్ పియానో సొనాటాలు, అంటే పియానో ఒక్కదానికే కొన్ని భాగాలుగా రాసిన రచనలు, మొత్తం 32. ఒకే పియానిస్ట్ వాటన్నిటినీ వాయించిన రికార్డింగులే ఒక సెట్. ఒక్కో పియానిస్ట్ సెట్ పూర్తిగా వినడానికి దాదాపు పది గంటలు పడుతుంది. ఐదారు సెట్లు వరసగా విని తేల్చుకుందామంటే, మూడోది వినేసరికి మొదటిది ఎలా ఉందో మర్చిపోతాం. అందుకే నేను మూడు చోట్లే వింటాను.

అందరికీ తెలిసిన మూన్‌లైట్ సొనాటాతో మాత్రం మొదలుపెట్టకండి. అది చెవికి బాగా అలవాటైపోయింది, ఎవరు వాయించినా బాగానే అనిపిస్తుంది.

నేను ముందు పెట్టేది ఓపస్ (రచనలకిచ్చే వరస సంఖ్య) 10లో మూడో సొనాటా, దాని రెండో భాగం. డి మైనర్ అనే విషాదపు స్వరస్థాయిలో చాలా నెమ్మదిగా, బరువుగా నడుస్తుంది. చివరికొచ్చేసరికి రాగం ముక్కలు ముక్కలుగా విడిపోతుంది, మధ్యలో నిశ్శబ్దాలు. ఆ తర్వాత మూడో భాగం వెలుగు నిండిన డి మేజర్‌లో మెత్తగా మొదలవుతుంది. ఆ మలుపు దగ్గరే చెవి పెట్టండి. ఏడ్చి ఏడ్చి అలసిపోయినవాళ్లు మెల్లగా తలెత్తినట్టు ఉండాలి. కొందరు కొత్త పాటేదో మొదలైనట్టు వాయించేస్తారు. పియానిస్ట్ ఆనీ ఫిషర్ వాయించినప్పుడు నాకు గొంతు పట్టేస్తుంది, ఎన్నిసార్లు విన్నా అంతే. ఆవిడ సెట్ చాలావరకు 1977, 78ల్లో బుడాపెస్ట్‌లో రికార్డయింది. పూర్తి సెట్ మాత్రం 1995లో ఆవిడ పోయాకే బయటికొచ్చింది.

రెండోది ఓపస్ 106, హామర్‌క్లావియర్. బేతోవెన్ తనే మెట్రోనోమ్ (వేగం కొలిచే పరికరం) అంకెలు రాసిన సొనాటా ఇదొక్కటే. మొదటి భాగానికి ఆయన రాసిన వేగం భయంకరమైనది. 1930ల్లో మొట్టమొదటి పూర్తి సెట్ ఇచ్చిన ఆర్టూర్ ష్నాబెల్ ఆ వేగాన్నే పట్టుకుని తొమ్మిది నిమిషాల్లోపే ముగించాడు. నోట్లు తప్పాయి, వెనక గరగర కూడా ఉంది. మరో పియానిస్ట్ ఎమిల్ గిలెల్స్ పన్నెండు నిమిషాలకు పైగా తీసుకున్నాడు, ప్రతి నోటూ శిల్పంలా ఉంటుంది. ఈ రెండూ ఒకే రోజు వింటే మీకు ఏం కావాలో మీకే తెలిసిపోతుంది. నా ఓటు ష్నాబెల్‌కే.

మూడోది ఓపస్ 78. మొదట్లో నాలుగే బార్లు (తాళం లెక్కలో చిన్న ముక్కలు) నెమ్మదిగా వచ్చి, మళ్లీ ఎక్కడా వినిపించవు. ఆ నాలుగు బార్లను ప్రేమగా వాయించినవాళ్ల సెట్‌లో చిన్న సొనాటాలన్నీ బాగుంటాయని నా నమ్మకం. పియానిస్ట్ విల్‌హెల్మ్ కెంఫ్ అలాంటివాడు. గిలెల్స్ సెట్‌లో ఈ సొనాటా దొరకదు. 1985లో ఆయన పోయేనాటికి ఐదు సొనాటాలు రికార్డు కాకుండా మిగిలిపోయాయి, ఇది వాటిలో ఒకటి.

వినేటప్పుడు అన్నిటికీ సౌండ్ ఒకే స్థాయిలో పెట్టుకోండి. కాస్త గట్టిగా వినిపించేదే బాగుందనిపిస్తుంది, అది చెవి చేసే మోసం. వీలైతే పేరు చూడకుండా వినండి. నేను మా అమ్మాయి చేతికి ఫోనిచ్చి, ఎవరిదో చెప్పకుండా ప్లే చెయ్యమంటాను.

చివరి సొనాటా ఓపస్ 111ని మాత్రం ఇలా ముక్కలు చేసి వినొద్దు. సెట్ ఎంచుకున్నాక, ఏదో ఒక రాత్రి ఫోన్ పక్కన పడేసి మొత్తం వినండి.