సిటీ పక్కన ఊళ్లో కాపురం పెట్టే ముందు చూసుకోవాల్సినవి

ఏప్రిల్‌లో పిల్లల పరీక్షలు అయిపోయాయంటే చాలు తెలిసినవాళ్ల దగ్గర్నుంచి ఒకటే ఫోన్లు, హైదరాబాద్ గచ్చిబౌలిలో కిరాయిలు కట్టలేకపోతున్నాం అన్నా, శంకర్‌పల్లి వైపో చేవెళ్ల వైపో ఒక ఊళ్లో ఇల్లు తీసుకుని ఆఫీసుకి వచ్చిపోతే ఎట్లుంటది అని. బాగానే ఉంటది, మేమూ అట్లనే ఉంటున్నాం కాబట్టి వద్దని చెప్పను. కానీ చాలామంది ఊరిని చూసే పద్ధతి ఎట్లుంటదంటే మ్యాప్‌లో ఇటు ఆఫీసు అటు ఊరు పెట్టి 50 నిమిషాలు అని చూపించగానే ఇంక పనైపోయింది అనుకుంటారు. ఆ 50 నిమిషాలు బండో కారో ఉన్న మనిషికి. ఆయన పోయాక పొద్దటి నుంచి రాత్రి దాకా ఆ ఊళ్లో ఉండేది ఇల్లాలు, అమ్మానాన్న, బడికిపోయే పిల్లలు. వాళ్ల చేతిలో బండి తాళం ఉండదు. అందుకే ఊరిని చూడ్డానికి పోయినప్పుడు ఆఫీసుకి పోయే మనిషి ఒక్కడే పోయి చూసొస్తే లాభం లేదు, ఇంట్లో ఉండేవాళ్లని తీసుకుపోవాలి, అదీ బస్సులో. బస్సు దొరక్క రోడ్డు మీద గంట నిలబడ్డారనుకోండి, ఆ ఊరి గురించి సగం అక్కడే తెలిసిపోతది.

ఇంకో విషయం, డిసెంబర్‌లో ఏ ఊరైనా బాగుంటది. చల్లగాలి, కంది చేను, చెరువులో నీళ్లు, ఫొటోలు తీసుకుంటాం. చూడాల్సింది మే నెల మధ్యాహ్నం ఒకసారి, గట్టి వాన పడ్డ మర్నాడు ఇంకోసారి. బడులు జూన్ 12కి తెరుస్తారని ఆ లోపు సామాన్లు ఎత్తేసే తొందరలో ఉన్నా సరే మే నెల మాత్రం వదలకండి, ఎందుకంటే నీళ్ల సంగతి బయటపడేది అప్పుడే.

నీళ్ల గురించి ఇంటి ఓనర్‌ని అడిగితే "ఫుల్ వాటర్ సార్, మూడొందల ఫీట్లకే పడింది" అంటాడు. ఆయన్ని వదిలేసి కిరాణా షాపులో కూర్చున్న అక్కని అడగండి. నీళ్లు ఉన్నాయా అని కాదు, బోరు నీళ్లతో పప్పు ఉడుకుతదా అని. మా ఊళ్లో అయితే జవాబు ఇట్లొచ్చింది: "బోరు నీళ్లల్లనా? పొద్దుగూకే దాకా పొయ్యి మీద పెట్టినా ఉడకది బిడ్డా, వంటకి భగీరథ నీళ్లే పట్టుకుంటం." గట్టి నీళ్లకి, అంటే హార్డ్ వాటర్‌కి, ఇంతకంటే పెద్ద పరీక్ష లేదు. బాత్రూంలోకి పోయి బకెట్టు అంచు, కుళాయి మూతి చూడండి, తెల్లగా సున్నం పొర కట్టి ఉంటే గీజర్, వాషింగ్ మెషీన్ ఎన్నాళ్లు ఉంటాయో మీరే లెక్కేసుకోవచ్చు. భగీరథ నల్లా, అంటే ప్రభుత్వం మిషన్ భగీరథ కింద ఇచ్చే మంచినీళ్ల నల్లా, ఇంట్లోకి ఉందా వీధిలోనేనా, రోజూ వస్తదా, పొద్దున ఎన్నింటికి, పైపు పగిలితే ఎన్ని రోజులు ఆగుతది, ఇవి పక్కింటి ఆడవాళ్లని అడగాలి, మగవాళ్లకి సాధారణంగా తెలియదు.

గట్టి నీళ్లు ఇబ్బందే గానీ ప్రాణం మీదికి రావు, ఫ్లోరైడ్ సంగతి అట్లా కాదు. నల్గొండ వైపు, అంటే చౌటుప్పల్, మునుగోడు, మర్రిగూడ పక్క ఊళ్లు చూసుకునేవాళ్లు ఇది మరీ పట్టించుకోవాలి. దానికి రంగు ఉండదు, రుచి ఉండదు, మరగబెడితే పోదు, మరగబెట్టిన కొద్దీ నీళ్లు తగ్గి ఇంకా చిక్కబడతది. తాగే నీళ్లలో లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా పర్వాలేదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా అన్నది మన దేశం పెట్టుకున్న హద్దు. చిన్నపిల్లలు ఉన్న ఇల్లయితే ఒక సీసా బోరు నీళ్లు ల్యాబ్‌లో ఇచ్చి ఫ్లోరైడ్, నైట్రేట్, టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల మోతాదు) మూడూ చూపించుకోండి. పటాన్‌చెరు, బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి వైపు కథ వేరే, అక్కడ దశాబ్దాలుగా ఫ్యాక్టరీల రసాయనాలు వాగుల్లోకి, భూమిలోకి దిగి ఉన్నాయి, నక్కవాగు పేరు వినే ఉంటారు. ఆ పక్క బోరు నీళ్లు తాగడానికి అసలు పనికొస్తాయని అనుకోవద్దు. రాత్రి పదకొండు తర్వాత ఒకసారి ఆ ఊళ్లో నిలబడి గాలి పీల్చండి, కొన్ని వాసనలు పగలు రావు. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చుట్టుపక్కల, దమ్మాయిగూడ, నాగారం వాళ్లని అడిగితే వానాకాలం వాసన ఎంత దూరం వస్తదో చెప్తారు.

ఇక రోడ్డు. దూరం కిలోమీటర్లలో చూడకండి, ఏ రోడ్డు మీద పోవాలో చూడండి. చేవెళ్ల బీజాపూర్ రోడ్డు ఎంత అందమైందో అంత ప్రమాదం, రెండు పక్కలా పాత మర్రి చెట్లు, మధ్యలో ఇరుకు రోడ్డు, టిప్పర్లు. చెట్ల కేసు గ్రీన్ ట్రిబ్యునల్‌లో ఉండి వెడల్పు పని 2025 దాకా ఏళ్ల తరబడి ఆగింది. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ వచ్చి తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సుని గుద్దితే 19 మంది పోయారు, అందులో చదువుకునే పిల్లలు కూడా ఉన్నారు. నేను భయపెట్టడానికి చెప్పట్లేదు, మీరు చూసుకున్న ఊరి దారిలో క్వారీ గానీ క్రషర్ గానీ ఉంటే ఆ రోడ్డు మీద మీ పిల్లల స్కూలు బస్సు కూడా పోతదని గుర్తుంచుకోమని.

ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కనే ఊరు అని ఎగిరి గంతేసేవాళ్లకి ఇంకో మాట. ఆ 158 కిలోమీటర్ల రింగు రోడ్డు మీదికి టూవీలర్లని ఎక్కనివ్వరు. బైకు మీద పోయేవాళ్లకి సర్వీసు రోడ్డే గతి, అది ఒకచోట బాగుంటది, ఒకచోట చీకటిగా ఉంటది, ఒకచోట రాంగ్ రూట్‌లో లారీలు ఎదురొస్తాయి. కారు ఉన్నోళ్లు ఖర్చు కూడా వేసుకోండి, రానూపోనూ 60 కిలోమీటర్లు అంటే లీటరుకి 15 ఇచ్చే కారుకి రోజుకి 4 లీటర్లు, లీటరు వంద పైనే, నెలకి 24 రోజులు తిరిగితే పదివేలు పెట్రోల్‌కే పోయాయి, టోల్ వేరే. కిరాయిలో మిగిలింది ఇక్కడ పోతది. రైలు లైను మీద ఊరు దొరికితే మాత్రం నా ఓటు దానికే: శంకర్‌పల్లి, వికారాబాద్ లైను, ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి లైను, ఉందానగర్, షాద్‌నగర్ లైను. కాకపోతే స్టేషన్ ఉండడం వేరు, మీ ఆఫీసు టైంకి రైలు ఉండడం వేరు, ఎంఎంటీఎస్ అనే సిటీ లోకల్ రైలు మేడ్చల్, ఘట్‌కేసర్ దాకా వేశారు గానీ సర్వీసులు తక్కువ, టైంటేబుల్ చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

బస్సు విషయంలో అడగాల్సింది ఫస్టు బస్సు కాదు, లాస్టు బస్సు. మెహిదీపట్నం నుంచో జేబీఎస్ నుంచో ఊళ్లోకి చివరి పల్లె వెలుగు ఎన్నింటికి, అది రోజూ వస్తదా లేక పాసెంజర్లు లేకపోతే మెయిన్ రోడ్డు మీదనే దింపేసి పోతడా. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకి టికెట్ లేదు కాబట్టి ఇంట్లో కాలేజీ ఆడపిల్ల ఉంటే ఖర్చు బాగా తగ్గుతది, కానీ మెయిన్ రోడ్డు నుంచి ఊరు రెండు కిలోమీటర్లు లోపల ఉండి మధ్యలో వీధి దీపాలు లేకపోతే ఆ ఫ్రీ టికెట్ ఏం చేసుకోవాలి. ఆ రెండు కిలోమీటర్లు చీకటి పడ్డాక ఒకసారి నడిచి చూడండి, కుక్కలు ఎన్ని ఉన్నాయో కూడా తెలుస్తది.

రాత్రి పూట ఆసుపత్రి, ఇది అందరూ చివరికి వదిలేస్తారు. ఊళ్లో ఆరెంపీ ఉంటాడు, జ్వరానికి సూది వేస్తాడు, అంతవరకే. పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఎక్కడుంది, రాత్రి డాక్టరు ఉంటారా, పాము మందు అంటే యాంటీ వెనమ్ పెడుతున్నారా అని లోపలికి పోయి అడగండి, ఎవరూ ఏమనుకోరు. వానాకాలం పొలాల పక్క ఇల్లంటే పాములు మామూలే. కట్లపాము మరీ మాయదారిది, రాత్రి కింద పడుకున్నవాళ్లని కరుస్తది, చాలాసార్లు నొప్పి కూడా ఉండదు, గాటు కనపడదు, తెల్లారేసరికి కళ్లు మూతలు పడి మాట ముద్దగా వస్తది. అందుకే జూన్ నుంచి నేల మీద పడకలు బంద్, మంచమో దోమతెరో ఉండాలి. కరిస్తే తాడుతో బిగించి కట్టడాలు, బ్లేడుతో కోయడాలు, మంత్రం పెట్టించడాలు వద్దు, కరిచిన కాలో చెయ్యో కదపకుండా నేరుగా మందు ఉన్న ఆసుపత్రికి. 108కి ఫోన్ చేస్తే అడ్రసు చెప్పాలి కదా, ఊళ్లో డోర్ నంబర్లతో ఎవరికీ ఇల్లు దొరకదు, "హనుమాన్ గుడి ఎనక, నీళ్ల ట్యాంకు పక్క గల్లీ" అని మీ అమ్మకి, పిల్లలకి ముందే నేర్పి పెట్టండి.

ఈగలు అంటే నవ్వుతారు గానీ కోళ్ల ఫారం కిలోమీటరు లోపల ఉంటే వానాకాలంలో అన్నం గిన్నె మీద మూత తీయలేరు, గోడలు నల్లగా కనిపిస్తాయి. ఇది ఏప్రిల్‌లో తెలియదు, ఎండకి ఈగలు తగ్గుతాయి. చుట్టూ పొడుగ్గా రేకుల షెడ్లు ఉన్నాయేమో చూసుకోండి. కోతులు ఇంకో బాధ, ఊళ్లో ప్రతి ఇంటికీ కిటికీలకి జాలీలు, వరండాకి గ్రిల్లు ఉన్నాయంటే అవి దొంగల కోసం కాదని అర్థం చేసుకోవాలి. ముసలివాళ్లు మేడ మీద వడియాలు పెట్టుకుందామన్న ఆశ వదులుకోవాల్సిందే.

స్కూలు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, బస్సు వస్తుందా రాదా, పిల్లాడు పొద్దున ఎన్నింటికి ఎక్కాలి అదొక్కటే. ఆరున్నరకి ఎక్కి సాయంత్రం ఐదున్నరకి దిగే ఆరేళ్ల పిల్లాడికి పల్లెటూరి బాల్యం ఏం దొరుకుతది, బస్సులో నిద్ర తప్ప. ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్ ఉంటే ఒకసారి లోపలికి పోయి చూడండి, కొన్నిచోట్ల టీచర్లు నిజంగా బాగా చెప్తున్నారు.

కొనే మాట మాత్రం మొదటి ఏడాది ఎత్తకండి. పదకొండు నెలల అగ్రిమెంట్ రాసుకుని కిరాయికి ఉండండి, ఒక ఎండాకాలం ఒక వానాకాలం చూడండి. ఈ లోపు ఊళ్లో మీ మీద ప్రేమతో ఎవరో ఒకరు "తమ్మీ, మంచి బిట్టుంది, రేపటికి ఉండదు" అని వస్తారు, ఖాయం. గుంటల లెక్కన ఫాం ప్లాట్ అని అమ్మేది చాలావరకు వ్యవసాయ భూమే, నాలా మార్పిడి, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పించడం, లేకుండా అందులో ఇల్లు కట్టడానికి పర్మిషన్ రాదు. నోటరీ కాగితం, ఇంటి పన్ను రసీదు, ఈ రెండూ హక్కు పత్రాలు కావు. సర్వే నంబరు తీసుకుని భూభారతి అనే ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్‌లో, రిజిస్ట్రేషన్ శాఖ 22ఏ నిషేధిత జాబితాలో చూడండి, అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకి ఇచ్చింది) అయితే 1977 చట్టం ప్రకారం అమ్మినా కొన్నా చెల్లదు. చెరువు దగ్గర్లో ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) మ్యాపు చూడాలి, 25 ఎకరాలు దాటిన చెరువుకి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే ఆ హద్దు బయట ఖాళీగా వదలాల్సిన జాగా. ఎండాకాలం చెరువు ఎండిపోయి ఉన్నప్పుడే ఇట్లాంటి బిట్లు అమ్ముతారు మరి.

మొయినాబాద్, శంకర్‌పల్లి, శంషాబాద్ వైపు చూసేవాళ్లు 111 జీవో గురించి వినే ఉంటారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లు పాడవకూడదని 1996లో 84 ఊళ్లలో కట్టడాలకి హద్దులు పెట్టారు, ఆ ఊళ్లు ఇప్పటికీ పచ్చగా ఉన్నాయంటే దాని పుణ్యమే. ఎత్తేస్తున్నామని 2022లో ఇంకో జీవో, 2023లో కేబినెట్ నిర్ణయం వచ్చాయి. ఆ వార్త చూపించి రేటు చెప్పే బ్రోకర్‌ని ఇంటి పర్మిషన్ కాగితం చూపించమనండి, అంతే. రీజినల్ రింగ్ రోడ్డు పక్కనే అని చెప్పినా అంతే, పక్కనా లేక దాని అలైన్‌మెంట్ (రోడ్డు పోయే దారి) లోపలా అన్నది తహసీల్దార్ ఆఫీసులో అడగాలి.

సామాన్లు ఎత్తే వారం ముందు కొత్త ఇంటికి పోయి మోటారు ఒక గంట ఆపకుండా నడిపించండి, సిగ్నల్ ఏ గదిలో వస్తదో రెండు సిమ్‌లతో చూడండి, కేబుల్ నెట్ అబ్బాయిని పిలిచి కరెంటు పోతే నెట్ కూడా పోతదా అని అడగండి. మే చివర గాలివానకి స్తంభాలు పడితే కరెంటు ఒక్కోసారి మర్నాటి దాకా రాదు, ఇన్వర్టర్ బ్యాటరీ ముందే తెచ్చి పెట్టుకోండి, వాన మొదలయ్యాక షాపువాడు రేటు తగ్గించడు.