పాట కింద పేర్లు – 4వ పాఠం: నలుగురికీ ఒకే పేరున్నప్పుడు

రికార్డు లేబుల్ మీద పాట పేరు కింద బ్రాకెట్లో ఉండే చిన్న అక్షరాలు పాడినవాళ్లవి కావు, రాసినవాళ్లవి అని పోయిన పాఠంలో చూశాం. మన సినిమా క్యాసెట్ల మీద రచన, సంగీతం, గానం అని విడివిడిగా వేసేవారు కాబట్టి ఆ తేడా మనకు కొత్త కాదు. రాక్ రికార్డుల మీద అంత వివరం ఉండదు. ఒకటో రెండో ఇంటిపేర్లు వేసి వదిలేస్తారు. మాటలెవరివో, బాణీ ఎవరిదో మనమే తేల్చుకోవాలి. ఇవాళ ఇంకో మెట్టు పైకి వెళదాం. మనుషుల పేర్లే లేకుండా బృందం పేరు ఒక్కటే ఉంటే ఎలా చదవాలి?

దీనికి నేను ఎప్పుడూ అమెరికన్ రాక్ బృందం ది డోర్స్ తొలి ఆల్బమే ముందు పెడతాను. సైకెడెలిక్ రాక్ (మత్తులో కల కంటున్నట్టు వినిపించే రాక్) అనగానే గుర్తొచ్చే రికార్డుల్లో అదొకటి. 1966 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లోని సన్‌సెట్ సౌండ్ స్టూడియోలో రికార్డు చేశారు. 1967 జనవరి 4న ఎలెక్ట్రా కంపెనీ విడుదల చేసింది. జిమ్ మోరిసన్ పాడాడు, రే మంజారెక్ ఆర్గన్, రాబీ క్రీగర్ గిటార్, జాన్ డెన్స్‌మోర్ డ్రమ్స్. మొత్తం పదకొండు పాటలు. ఒక కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి.

ముందు బయటివాళ్లను వేరు చేయాలి. పదకొండింటిలో తొమ్మిదింటికి 'ది డోర్స్' అనే ఉంటుంది. మీరు యాప్‌లో చూస్తుంటే నలుగురి పేర్లూ విడివిడిగా కనబడవచ్చు, రెండూ ఒకటే. మిగిలిన రెండూ ఈ నలుగురివీ కావు.

'బ్యాక్ డోర్ మ్యాన్' విల్లీ డిక్సన్‌ది. షికాగో బ్లూస్‌లో, అంటే ఆ ఊళ్లోని నల్లజాతివాళ్ల పాటల సంప్రదాయంలో, ఆయన పెద్ద రచయిత, బేస్ (మంద్ర స్వరాలు పలికే వాయిద్యం) కూడా వాయించేవాడు. ఈ పాటను ముందు హౌలిన్ వుల్ఫ్ అనే బ్లూస్ గాయకుడు 1960లో రికార్డు చేశాడు. మోరిసన్ ఎంత సొంతం చేసుకుని పాడినా రచయితకు రావాల్సిన డబ్బు వాటా డిక్సన్ పేరు మీదే ఉంటుంది. ఈ పేరు ఉన్నచోట పెన్సిల్‌తో ఒక గీత గీయండి. ఆ రోజుల్లో బ్లూస్ రచయితల పేర్లు అందరూ ఇంత నిజాయితీగా వేయలేదు. లెడ్ జెప్పెలిన్ అనే బ్రిటిష్ రాక్ బృందం 1969 నాటి పాట ఒకటి తన పాటలోంచి వచ్చిందని ఇదే డిక్సన్ కోర్టుకు వెళ్లాల్సివచ్చింది. 1987లో రాజీ కుదిరాక గానీ ఆయన పేరు అక్కడ చేరలేదు.

రెండోది 'అలబామా సాంగ్'. క్రెడిట్ జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెష్ట్, సంగీతకర్త కర్ట్ వైల్‌లది. 1920ల నాటి పాట. ఇక్కడ లేబుల్ చెప్పని పేరు ఒకటుంది. బ్రెష్ట్‌తో కలిసి పనిచేసిన ఎలిజబెత్ హౌప్ట్‌మన్ అనే ఆవిడకు ఇంగ్లీషు బాగా వచ్చు. ఈ పాటలోని ఇంగ్లీషు మాటలు ఆవిడవేనని బ్రెష్ట్ మీద పరిశోధన చేసినవాళ్లు చెబుతారు. లేబుల్ మీద మాత్రం ఆవిడ పేరు కనబడదు. లేబుల్ మీదున్నది ఎవరికి వాటా రావాలన్న ఒప్పందం. పని ఎవరు చేశారన్నది దాన్నిబట్టి పూర్తిగా తెలియదు. ఈ మాట రాసిపెట్టుకోండి, ఇప్పుడు అసలు పాటకు వెళుతున్నాం కాబట్టి దీని అవసరం పడుతుంది.

'లైట్ మై ఫైర్' పెట్టండి. ఏడు నిమిషాల వెర్షన్ కావాలి, చిన్నది వద్దు. కాగితం మీద నాలుగు గళ్లు గీసి నలుగురి పేర్లూ రాయండి.

మొదట వినిపించేది డ్రమ్ మీద ఒకే ఒక్క దెబ్బ. వెంటనే మంజారెక్ ఆర్గన్ మెట్లు దిగుతున్నట్టు, ఎక్కుతున్నట్టు తిరుగుతుంది. పాతకాలపు జర్మన్ సంగీతకర్త బాఖ్ సంగీతం విన్నవాళ్లకు ఆ పోకడ ఎక్కడిదో తెలుస్తుంది. కొన్ని సెకన్లే, కానీ ప్రపంచంలో ఎక్కడ మోగినా పాటను గుర్తుపట్టించేది అదే. తర్వాత మోరిసన్ గొంతు అందుకుంటుంది. చరణం రెండే కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) మీద ఊగుతుంది, ఎ మైనర్, ఎఫ్ షార్ప్ మైనర్. పల్లవిలో పాట ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఆ తర్వాత ఆర్గన్, గిటార్ ఒకదాని తర్వాత ఒకటి నిమిషాల తరబడి సాగుతాయి.

ఇది ఎవరి పాట? నేను చాలా ఏళ్లు మోరిసన్‌దే అనుకున్నాను. పాడింది ఆయన, పోస్టర్ మీద బొమ్మ ఆయనది, ఇంకెవరిదనుకుంటాం? నిజానికి పాట తెచ్చింది క్రీగర్. సొంత పాటలు చాలడం లేదు, అందరూ రాయండి అని మోరిసన్ అంటే, భూమి, గాలి, నిప్పు, నీరు లాంటి ఎప్పటికీ పాతబడని విషయం మీద రాయాలనుకుని క్రీగర్ నిప్పును ఎంచుకున్నాడు. అతను రాసిన తొలి పాటల్లో ఇదొకటి. రెండో చరణం మాటలు మోరిసన్ చేర్చాడు. డ్రమ్స్‌లో వినిపించే లాటిన్ అమెరికా నడక డెన్స్‌మోర్‌ది. మొదట్లో వచ్చే ఆర్గన్ మంజారెక్‌ది. మీ నాలుగు గళ్లూ నిండాయి కదా?

ఇప్పుడు ఒక పరీక్ష పెడదాం. వాయిద్యాలన్నీ ఆపేసి పాటను కూనిరాగంగా పాడండి. ఏం మిగిలింది? మాటలు, బాణీ. పాట అంటే వాడుకలో, చట్టంలో చాలాకాలం ఎక్కువగా లెక్కలోకి వచ్చింది ఆ రెండే. డ్రమ్ నడక, సోలో (ఒక్క వాయిద్యమే ముందుండి సాగే భాగం), మొదట్లో వచ్చే వాయిద్యం ఇవన్నీ 'వాయించడం' కిందకే వెళ్లేవి. ఆ లెక్కన ఈ పాట కింద క్రీగర్ పేరుండాలి, పక్కన మోరిసన్‌ది ఉండాలి, మిగతా ఇద్దరివీ ఉండకూడదు. అయినా నలుగురికీ సమాన వాటా వచ్చింది. ఆ పద్ధతి పెడదామన్నది మోరిసనే అని క్రీగర్, డెన్స్‌మోర్ ఇద్దరూ చెప్పారు. గాయకుడే ఆ మాట అనడం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

ఇది ఉదారత మాత్రమేనా, న్యాయం కూడానా? దీనికి జవాబు అదే 1967లో వచ్చిన ఇంకో ఆర్గన్ పాట దగ్గర దొరుకుతుంది. ప్రోకోల్ హారమ్ బృందం 'ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్'కి గ్యారీ బ్రూకర్, కీత్ రీడ్ పేర్లే ఉండేవి. ఆర్గన్ వాయించిన మాథ్యూ ఫిషర్ దశాబ్దాల తర్వాత లండన్ కోర్టుకు వెళ్లాడు. ఆ ఆర్గన్ లేకపోతే ఆ పాట ఆ పాటే కాదన్నది అతని వాదన. 2006లో హైకోర్టు అతన్ని సహరచయితగా గుర్తించి సంగీతంలో 40 శాతం వాటా ఇచ్చింది. కేసు పైకి వెళ్లి 2009లో, అప్పట్లో బ్రిటన్‌లో అన్నిటికన్నా పై కోర్టుగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో, అతని పక్షానే ముగిసింది. అంటే పాట వచ్చిన 42 ఏళ్లకు! మంజారెక్‌కు అలాంటి కోర్టు ఖర్చు రాకుండా ఆ ఒక్క ఒప్పందం కాపాడింది.

రేడియో కోసం 'లైట్ మై ఫైర్'ని మూడు నిమిషాల లోపుకి కోసినప్పుడు సోలోలు దాదాపు అన్నీ పోయాయి. మొదట్లోని ఆర్గన్‌ని మాత్రం ఉంచారు. ఆ చిన్న వెర్షనే 1967 జూలైలో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. రెండూ వరసగా విని, ఏది కోస్తే పాట బతికిందో, ఏది కోస్తే చచ్చేదో మీ కాగితం మీద రాయండి. క్రెడిట్ చదవడంలో సగం పని ఇదే.

సమాన వాటాతో పాటు సమాన అధికారం కూడా వచ్చింది. ఏ నిర్ణయానికైనా నలుగురూ ఒప్పుకోవాలి. 1968లో బ్యూక్ కార్ల ప్రకటనకు ఈ పాట అడిగితే, మోరిసన్ ఊళ్లో లేని సమయంలో మిగతా ముగ్గురూ సరేనన్నారు. తిరిగొచ్చాక ఆయన మండిపడ్డాడు. పాట ఎక్కువ భాగం క్రీగర్‌దే అయినా మాట అడగాల్సింది నలుగురినీ. 1969 నాటి నాలుగో ఆల్బమ్ 'ది సాఫ్ట్ పరేడ్' దగ్గరికొచ్చేసరికి పేర్లు విడిపోయాయి. క్రీగర్ రాసిన ఒక పాటలో తుపాకులు పట్టమనే మాట వచ్చింది, అది తన మాట అని జనం అనుకోవడం మోరిసన్‌కు ఇష్టం లేకపోయింది. ఆ రెండు ఆల్బమ్‌ల క్రెడిట్లూ పక్కపక్కన పెట్టి చూస్తే బృందం లోపలి వాతావరణం ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఇంకొక్క చిన్న విషయం. ఈ ఆల్బమ్‌లో కొన్ని పాటలకు, 'లైట్ మై ఫైర్'కి కూడా, బేస్ వాయించింది ల్యారీ నెక్టెల్ అనే స్టూడియో వాద్యకారుడు. తొలి ముద్రణ అట్ట మీద ఆయన పేరు లేదు. అది రచన క్రెడిట్ కాదు, వాద్య క్రెడిట్. దాన్ని వేరే కాగితం మీద రాసుకోండి.

అభ్యాసానికి బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ తొలి ఆల్బమ్ 'ది పైపర్ ఎట్ ది గేట్స్ ఆఫ్ డాన్' తీసుకోండి. 1967 ఆగస్టులో వచ్చిన బ్రిటిష్ వెర్షనే చూడాలి, అమెరికాలో పాటలు మార్చారు కాబట్టి లెక్క తప్పుతుంది. పదకొండింటిలో ఎనిమిది సిడ్ బ్యారెట్ ఒక్కడివే, ఒకటి రోజర్ వాటర్స్‌ది, రెండు నలుగురివీ. క్రెడిట్ చూడకుండా ముందు చెవితో వినండి, ఆ రెండూ ఏవో పట్టుకోండి. కూనిరాగం పరీక్ష పెడితే సులువుగానే దొరుకుతాయి. తర్వాత 'మటిల్డా మదర్' వినండి. దానికి బ్యారెట్ మొదట హిలేర్ బెలాక్ అనే ఇంగ్లీషు రచయిత పద్యాలు వాడుకున్నాడు. బెలాక్ వారసుల తరఫువాళ్లు అనుమతి ఇవ్వకపోవడంతో మాటలు తానే తిరగరాశాడు. అనుమతి వచ్చి ఉంటే ఆ పాట కింద ఏ పేర్లు ఉండేవో రాసి ఉంచండి. అయిదో పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.