పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు పెల్లెట్లు ఎంచుకోవడం ఎలా?

హన్మకొండ, కాజీపేటల్లో పిల్లలకు ఎయిర్ పిస్టల్ కొనిచ్చిన తల్లిదండ్రులకు ఆ వెంటనే ఎదురయ్యే ప్రశ్న, ఏ పెల్లెట్లు, అంటే అందులో వాడే చిన్న గుళ్లు, కొనాలన్నది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఏవి వాడుతుందో అవే కావాలని పిల్లలు పట్టుబట్టడం సహజమే కానీ, ఒక పిస్టల్ బారెల్‌కు (గొట్టానికి) నప్పిన పెల్లెట్ మరో బారెల్‌కు నప్పాలని లేదు. కాబట్టి డబ్బా మీది పేరును కాక, మీ పిస్టల్ టార్గెట్ కాగితం మీద చూపే ఫలితాన్ని బట్టి ఎంచుకోవాలి.

కొన్ని విషయాల్లో ఎంపికకు తావే లేదు. పోటీల్లో సీసం లేదా అలాంటి మెత్తని లోహంతో చేసిన 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్లనే అనుమతిస్తారు. వాటిలోనూ తల చదునుగా ఉన్నవే తీసుకోవాలి, ఎందుకంటే అవి కాగితాన్ని గుండ్రంగా, శుభ్రంగా కోస్తాయి. మొన తేలినవి కాగితాన్ని చింపేయడంతో స్కోరు దగ్గర పేచీ వస్తుంది.

ఇక బరువు. పెల్లెట్లు తయారుచేసే ఆర్.డబ్ల్యు.ఎస్. వారి ఆర్ 10 రకం 0.45 గ్రాముల్లోనూ, 0.53 గ్రాముల్లోనూ దొరుకుతుంది. మొదటిది పిస్టల్‌కు, రెండోది రైఫిల్‌కు ఉద్దేశించినది. తేలికైన పెల్లెట్ బారెల్ నుంచి కాస్త ముందుగా బయటపడుతుంది కనుక, ట్రిగ్గర్ నొక్కిన తర్వాత చెయ్యి కదిలినా దాని ప్రభావం కొంత తగ్గుతుంది. అయితే ఇది మొగ్గు మాత్రమే, నియమం కాదు. బరువైన పెల్లెట్‌తోనే మంచి గ్రూప్ (టార్గెట్ మీద దగ్గరదగ్గరగా పడిన రంధ్రాల గుంపు) ఇచ్చే పిస్టళ్లూ ఉంటాయి.

పరీక్షించే పద్ధతి ఇది. రెండు మూడు రకాలను చిన్న మొత్తంలో తెప్పించుకుని, రేంజ్‌లో కోచ్ సమక్షంలో, పిస్టల్‌ను ఇసుక సంచి మీద కదలకుండా ఆనించి, ఒక్కో రకంతో ఒక్కో టార్గెట్ మీద ఐదేసి షాట్లు కొట్టాలి. పిస్టల్ సిలిండర్‌లో గాలి పీడనం అన్నింటికీ ఇంచుమించు ఒకేలా ఉండాలి, లేకుంటే పోల్చడంలో అర్థం లేదు. ఆ తర్వాత గ్రూప్‌లో అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి, అందులోంచి 4.5 మిల్లీమీటర్లు తీసేస్తే కేంద్రాల మధ్య దూరం వస్తుంది. ఒక్క గ్రూప్ చూసి తీర్పు చెప్పకుండా, ఇదే పనిని మరికొన్ని టార్గెట్ల మీద చేయాలి. డబ్బా మీద 4.49, 4.50 అని కనిపించే అంకె హెడ్ సైజు, అంటే మిల్లీమీటర్లలో పెల్లెట్ తల వ్యాసం; దానిలోని తేడాను కూడా ఈ కొలతతోనే తేల్చుకోవచ్చు.

ఫలితాన్ని అర్థం చేసుకోవడానికి టార్గెట్ లెక్క తెలియాలి. పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ రంధ్రం అంచు ఆ గీతను తాకినా పది పాయింట్లే కనుక, రంధ్రం కేంద్రం టార్గెట్ మధ్య నుంచి 8 మిల్లీమీటర్ల దాకా జరగవచ్చు. రైఫిల్‌లో ఈ వెసులుబాటు 2.5 మిల్లీమీటర్లే. అందువల్ల రైఫిల్ షూటర్లు పెల్లెట్ల గురించి పడే తపననంతా పిస్టల్ నేర్చుకునేవారు నెత్తికెత్తుకోనవసరం లేదు. షాట్లు ఏడు, ఎనిమిది వలయాల్లోకి చెదిరిపోయే దశలో మిల్లీమీటరు తేడా కనిపించనే కనిపించదు. ఆ దశలో పోటీల కోసం చేసిన ఖరీదైన మ్యాచ్ పెల్లెట్ల కంటే ఒకే తీరుగా ఉన్న చవక రకం డబ్బాలు ఎక్కువ కొని, ఎక్కువ సాధన చేయించడమే మేలని నా అభిప్రాయం. కోచ్‌లలో కొందరు దీనితో ఏకీభవించకపోవచ్చు.

హైదరాబాద్ నుంచి డబ్బాలు తెప్పించుకునేటప్పుడు వాటిని బైకు డిక్కీలో వదులుగా వేసుకురాకూడదు. పెల్లెట్ వెనుక భాగాన్ని స్కర్ట్ అంటారు; అది పలుచని సీసం కనుక కుదుపులకు సొట్ట పడుతుంది, సొట్ట పడినది గాలిని సరిగా పట్టి ఉంచదు. వాడే ముందు పెల్లెట్‌ను వెలుతురులో తిప్పి చూసి, అంచు వంగినదాన్ని పక్కన పెట్టాలి. వర్షాకాలంలో తేమ తగిలితే సీసం మీద తెల్లని పొడి ఏర్పడుతుంది కాబట్టి మూత బిగించి పొడిచోట ఉంచాలి. పెల్లెట్లను నోట్లో పెట్టుకోనివ్వకూడదు; సాధన ముగిశాక, టిఫిన్ ముట్టుకునే ముందు, పిల్లలచేత సబ్బుతో చేతులు కడిగించాలి.

నప్పిన రకం దొరికాక దాని బ్యాచ్ నంబరు రాసిపెట్టుకుని, వీలైతే అదే బ్యాచ్ డబ్బాలు మరికొన్ని కొనాలి. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు, పాతది పూర్తిగా అయిపోకముందే రెండింటినీ పక్కపక్కన పరీక్షించాలి.