ట్రైకోటిల్లోమేనియా కోడ్ వేసే ముందు జాగ్రత్తలు

చార్ట్‌లో "జుట్టు పీక్కుంటోంది" అని కనపడగానే ట్రైకోటిల్లోమేనియా (తన జుట్టు తనే పీక్కోకుండా ఉండలేని జబ్బు) అనేసి ఐసీడీ-10 (జబ్బులకు కోడ్‌లు ఇచ్చే అంతర్జాతీయ లిస్టు) కోడ్ ఎఫ్63.3 కొట్టేయకండి, డాక్టర్ డయాగ్నోసిస్ రాశారా లేదా చూడండి, రాయకపోతే ఆయనకి క్వెరీ (వివరణ అడిగే ప్రశ్న) పెట్టాలి గానీ మనమే డాక్టర్లం అయిపోకూడదు.

పేను కొరుకుడు (ఎల్63) కాదని తేల్చారా? అందులో మచ్చ నున్నగా ఉంటుంది, పీక్కునేవాళ్లకైతే పొట్టీ పొడుగూ తెగిన వెంట్రుకలు మిగులుతాయి. మానాలని ట్రై చేసి మానలేకపోవడం, దానివల్ల బాధో పనికి ఇబ్బందో రావడం నోట్స్‌లో ఉండాలి.

వెంట్రుకలు మింగుతున్నారేమో కూడా చూడండి, కడుపులో ఉండ కట్టి ఉంటే దానికి కోడ్ వేరే.

సబ్మిట్ కొట్టే ముందు ఆఖరి అంకె ఇంకోసారి చూస్కోండి, ఎఫ్63.2 పడితే పేషెంట్‌కి దొంగతనాల జబ్బు అంటగట్టినట్టే బాబూ!

ఐసీడీ-11 (అదే లిస్టు కొత్త వెర్షన్) కోడ్ అడిగితే ట్రైకోటిల్లోమేనియాకి 6బి25.0.