హజ్, ఉమ్రా వెళ్తున్నారా? టీకా సంగతి ముందే చూసుకోండి

హోటల్ హరమ్‌కి ఎంత దూరమో నాలుగుసార్లు కనుక్కునే మనవాళ్ళకి టీకా మాత్రం బ్యాగులు సర్దేటప్పుడు గుర్తొస్తుంది. మెనింజైటిస్ (మెదడు చుట్టూ ఉండే పొరలకి సోకే ప్రమాదకరమైన జబ్బు) టీకా సౌదీ చేరడానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి, ఒంట్లో రక్షణ తయారవడానికి ఆమాత్రం టైమ్ పడుతుంది. అందుకే టికెట్ ఖాయమైన రోజే టీకా తేదీ కూడా పెట్టేసుకోండి.

హజ్ కమిటీ ద్వారా వెళ్ళేవాళ్ళకి టెన్షన్ తక్కువ. క్యాంపు పెట్టి పిలుస్తారు, సూది వేస్తారు, పోలియో చుక్కలు కూడా వేస్తారు (డెబ్బై ఏళ్ళ నానా నోరు తెరిస్తే మనవళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి). చిక్కంతా ఉమ్రా వాళ్ళతోనే. ఏజెంటు వీసా తెచ్చిస్తాడు, టీకా ఊసెత్తడు, మనమూ అడగం. 2024లో ఉమ్రా ప్రయాణాలతో ముడిపడి అమెరికా, ఫ్రాన్స్, బ్రిటన్‌లలో 12 మెనింజైటిస్ కేసులు బయటపడ్డాయి, టీకా వివరాలు తెలిసిన 9 మందిలో ఒక్కరు కూడా వేయించుకున్నవాళ్ళు కాదు. ఏజెంటు చెప్పకపోయినా మీరే వెళ్ళి వేయించుకోండి.

ఆస్పత్రిలో ఊరికే 'మెనింజైటిస్ సూది' అనకుండా ఈ జబ్బు తెచ్చే బ్యాక్టీరియాలో ఏ, సీ, డబ్ల్యూ, వై నాలుగు రకాలకూ పనిచేసేది కావాలని చెప్పండి. 1987 హజ్‌లో ఏ రకం ప్రబలింది, 2000లో డబ్ల్యూ రకం వచ్చింది, ఆ తర్వాతే సౌదీ ఈ నాలుగు రకాల టీకాను తప్పనిసరి చేసింది. స్టాక్ అన్నిచోట్లా ఉండదు, ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి.

సూది పడగానే లేచి వచ్చేయకండి, సర్టిఫికెట్ అక్కడే చదవండి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా, తేదీ ఉందా, ముఖ్యంగా టీకా ఏ పద్ధతిలో తయారైన రకమో (కాంజుగేటా, పాలీశాకరైడా) రాశారా. కాంజుగేట్ అయితే 5 ఏళ్ళు చెల్లుతుంది, పాలీశాకరైడ్ అయితే 3 ఏళ్ళే. రకం రాయకపోతే 3 ఏళ్ళ కిందే లెక్కేస్తారు, ఆ ఒక్క మాట రాయించుకోకపోవడం వల్ల రెండేళ్ళు పోతాయి. తర్వాత ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా పెట్టండి.

అమ్మీ, అబ్బాకి షుగరో, ఆస్తమానో, గుండె జబ్బో ఉంటే ఫ్లూ టీకా కూడా అడగండి, దానికీ రెండు వారాలు పడుతుంది. మినా గుడారాల్లో ఒకరికి దగ్గు పట్టుకుంటే పక్కనున్న పదిమందీ దగ్గుతారు. రంజాన్‌లో వేయించుకుంటే రోజా పోతుందా అని చాలామంది అడుగుతారు. కండకు వేసే సూదితో పోదనే ఎక్కువమంది ఉలమాలు చెబుతారు, నోట్లో వేసే చుక్కల సంగతి వేరు, అవి ఇఫ్తార్ తర్వాత పెట్టుకోండి.

తిరిగొచ్చాక జ్వరం, విపరీతమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం కనిపిస్తే ఇంట్లో మాత్రలతో సరిపెట్టకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళి, ఎక్కడినుంచి వచ్చారో ముందే డాక్టర్‌కి చెప్పండి. ఇంట్లో వాళ్ళకి వచ్చినా అంతే, 2000లో హాజీల నుంచి ఇంట్లో వాళ్ళకి కూడా సోకింది.