నెల్లూరు, ఒంగోలు నుంచి ఇండియన్ ఐడల్ ఆడిషన్‌కి పోయేవాళ్లకి: పాట సంగతి తర్వాత, ముందు శృతి చూసుకోండి

ఆడిషన్ల ప్రకటన టీవీలో పడిందంటే చాలు, మాలాంటి ఆర్కెస్ట్రా వాళ్లకి ఫోన్లు మొదలవుతాయి. అందరిదీ ఒకటే మాట: "అన్నా, ఏ పాట పాడమంటావ్?" నేను కీబోర్డ్ వాయించేవాణ్ని కాబట్టి ముందు నీ శృతి ఎంత అని అడుగుతా, అంటే నీ గొంతుకి ఏ మెట్టు సా గా కుదురుతుందని. "శృతి ఏందన్నా, ఒరిజినల్ స్కేల్లోనే పాడతా" అంటారు. ఆ ఒరిజినల్ స్కేల్ ఆ పాట పాడినాయన గొంతుకి కుదిరింది, నీ గొంతుకి కాదు కదప్పా! చాలామంది ఇక్కడే పోతారు, పోయినట్టు వాళ్లకి తెలియను కూడా తెలియదు. అందుకే ప్రతిసారీ ఫోన్లో చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నా.

ముందు అసలు ఆ షో ఏమిటో కొంచెం అర్థం చేసుకోండి. 2001లో బ్రిటన్‌లో వచ్చిన పాప్ ఐడల్ నమూనాని పట్టుకుని 2004 అక్టోబర్లో సోనీ టీవీలో ఇండియన్ ఐడల్ మొదటి సీజన్ మొదలైంది. జడ్జిలు అనూ మలిక్, సోనూ నిగమ్, ఫరా ఖాన్. ఒకరు సంగీత దర్శకుడు, ఒకరు గాయకుడు, ఇంకొకరు డాన్స్ మాస్టరుగా పేరు తెచ్చుకుని డైరెక్టరైన మనిషి. అంటే ఒకరు ఈ గొంతు సినిమా పాటకి పనికొస్తుందా అని వింటారు, ఒకరు శృతి పట్టుకుని వింటారు, ఒకరు స్టేజీ మీద ఎట్లా ఉన్నావో చూస్తారు. ఆ తర్వాత జడ్జిలు ఎంతమంది మారినా వినే పద్ధతి మాత్రం దాదాపు ఇదే. 2005 మార్చిలో అభిజీత్ సావంత్ గెలిచాడు, అమిత్ సానాది రెండో స్థానం, రాహుల్ వైద్యది మూడో స్థానం. అభిజీత్ ది ఊపిరాడకుండా సంగతులు, అంటే స్వరాల మలుపులు, గుప్పించే గొంతు కాదు, సాఫీగా, వినసొంపుగా పోయే గొంతు, పక్కింటి కుర్రాడిలా ఉండేవాడు, జనం ఎస్ఎంఎస్‌లు కొట్టి గెలిపించారు. పాత వీడియోలు దొరికితే చూడండి, ఇప్పటి సీజన్లలో లాగా పాటకి ఇన్ని హంగులు కనపడవు. నేర్చుకోడానికి నా దృష్టిలో అదే మంచి సీజన్.

మనవాళ్ల వల్ల కాదేమో అనే అనుమానం ఉంటే తీసేయండి. రెండో సీజన్‌లోనే మన తెలుగబ్బాయి కారుణ్య ఫైనల్ దాకా వెళ్లి రెండో స్థానంలో నిలిచాడు. 2010లో శ్రీరామచంద్ర గెలిచాడు, ఆయన మూలాలు అద్దంకివి. 2017లో రేవంత్. ఇక 2022లో ఆహా ఓటీటీలో తెలుగు ఇండియన్ ఐడల్ మొదటి సీజన్ పెడితే, తమన్, నిత్యా మీనన్, కార్తీక్ జడ్జిలుగా కూర్చుంటే, టైటిల్ కొట్టింది మన నెల్లూరమ్మాయి వాగ్దేవి. ఆ షోకి యాంకర్ కూడా శ్రీరామచంద్రే.

సరే, శృతి సంగతికి వద్దాం. ఫోన్లో తంబూరా యాప్ ఒకటి వేసుకోండి, ఉచితంగా దొరికేవి బోలెడు. మగవాళ్లు ఒకటి దగ్గర, ఆడవాళ్లు ఐదు దగ్గర మొదలుపెట్టి చూడండి. ఈ అంకెలు హార్మోనియం మెట్లవి: ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, మూడు, ఆ తర్వాత సరాసరి నాలుగు. మూడున్నర అని ఉండదు, ఎందుకంటే ఆ రెండు తెల్లమెట్ల మధ్య నల్లమెట్టు లేదు. ఎవరైనా "నాది మూడున్నర శృతి" అన్నారంటే వాళ్ల దగ్గర పాఠాలకి పోవద్దు. తంబూరా మోగుతుండగా మధ్య స్థాయి సా నుంచి కిందికి దిగి మంద్ర పంచమం, అంటే కింది స్థాయి పా, పట్టండి. ఆ స్వరం వట్టి గాలిలా కాకుండా మాట పలికేంత గట్టిగా వినపడాలి. మళ్లీ పైకెక్కి తారస్థాయి గాంధారం, మధ్యమం, అంటే పై స్థాయి గా, మా దాకా పోండి. మెడ నరాలు తేలకుండా, గడ్డం పైకెత్తకుండా అక్కడ నిలబడగలగాలి. కింద గాలి వస్తుంటే అర శృతి, అంటే నల్లదైనా తెల్లదైనా పక్క మెట్టుకి, పెంచండి, పైన అరుపు వస్తుంటే అర తగ్గించండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి, ఎందుకంటే పొద్దున అందరి గొంతూ బరువుగానే ఉంటుంది. రెండుమూడు రోజులు ఇలా చూస్తే మీ శృతి ఎక్కడ కుదురుతోందో మీకే తెలిసిపోతుంది. అప్పుడు పాట ఎంచుకోండి, ఎంచుకున్న పాటని ఆ శృతిలోకి తెచ్చుకోండి.

ఇంకో పరీక్ష ఉంది, దీన్ని మాత్రం ఎవరూ ఎగ్గొట్టకూడదు. ఆడిషన్ గదిలో తంబూరా ఉండదు, కీబోర్డ్ ఉండదు, ఎదురుగా ఒక బల్ల, ఇద్దరు మనుషులు, పైన గుర్రుమంటూ ఏసీ, అంతే. అందుకని ఇంట్లో తంబూరా పెట్టి సా అందుకోండి, తర్వాత దాన్ని ఆపేసి పల్లవి, ఒక చరణం పాడండి, మళ్లీ పల్లవికి వచ్చి ఆగిన చోట తంబూరా ఆన్ చేయండి. తొంభైతొమ్మిది పాళ్లు మీరు దాని కింద ఉంటారు. చరణంలో పైకెళ్లి దిగేటప్పుడు కొద్దికొద్దిగా జారతాం, మనకి మాత్రం అంతా బాగానే ఉన్నట్టుంటుంది. కొందరు టెన్షన్‌లో దీనికి ఉల్టాగా పైకి పోతారు, అది ఇంకా ప్రమాదం, చరణం వచ్చేసరికి అందదు. ఏ మాట దగ్గర జారుతున్నారో రికార్డ్ చేసి వినండి. సాధారణంగా అది ఊపిరి అయిపోయే చోటే. ఆ మాటకి ముందు ఊపిరి తీసుకునే చోటు మార్చుకుంటే సగం జబ్బు నయమవుతుంది.

పాట ఎంపికలో నెల్లూరు వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. బాలు గారు మనవాడు, 1946లో ఈ జిల్లాలోనే పుట్టాడు, తిప్పరాజువారి వీధిలోని సొంతింటిని వేద పాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశాడు, ఆ గర్వం మనకి ఉండాల్సిందే. కానీ మన టౌన్‌హాల్లో ఏ పాటల కార్యక్రమానికన్నా పోయి వినండి, పాడేవాళ్లలో సగం మంది బాలు గొంతు పెట్టి, బాలు నవ్వు నవ్వి, బాలు విరుపు విరిచి పాడతారు. ఇక్కడ చప్పట్లు పడతాయి. ఆడిషన్ గదిలో పడవు. వాళ్లకి బాలు గారి రికార్డులున్నాయి, ఇంకో బాలు గారెందుకు? ఆయన పాట పాడొద్దని కాదు, పాడేటప్పుడు ఆ నవ్వులూ విరుపులూ తీసేసి పాడి చూడండి, అప్పటికీ నిలబడిందంటే పాట మీదైనట్టు. అలాగే డ్యూయెట్ జోలికి పోవద్దు, ఇద్దరికీ కలిపి పెట్టిన శృతిలో ఎవరో ఒకరికి ఇబ్బందే. నిమిషం, నిమిషంన్నర మించి వినరు కాబట్టి నెమ్మదిగా రాజుకునే పాట వద్దు. మీకు బాగా వచ్చింది చరణమైతే చరణం నుంచే అందుకోండి, పల్లవితోనే మొదలుపెట్టాలని ఎక్కడా రూల్ లేదు. మొత్తం మీద మూడు నాలుగు పాటలు రెడీగా ఉండాలి: ఒక మెలోడీ, ఒక హుషారు పాట, ఒక పాత పాట. "ఇంకోటి పాడు" అన్నారంటే అది మంచి శకునం, అక్కడ తడబడకూడదు.

హిందీ షోకి పోయేవాళ్లయితే ఉచ్చారణ మీద పాట మీద పెట్టినంత పని పెట్టాలి. మనకి అలవాటు ఏమిటంటే ప్రతి మాట చివరా ఒక అచ్చు తగిలిస్తాం. బాత్ అనే మాట మన నోట్లో బాతు అయి కూర్చుంటుంది, ఇక ప్రేమ పాటలో ఈకలు రాలతాయి. మై అనేది ముక్కుతో పలకాలి, మనం పొడిగా పలికేస్తాం. ఖ, ఫ, జ లలో ఉర్దూ వాసన ఉన్నవి వేరు, లేనివి వేరు. కోటమిట్ట వైపు ఉర్దూ మాట్లాడే స్నేహితులుంటే పాట సాహిత్యం ఒకసారి వాళ్ల చేత చదివించుకుని రికార్డ్ చేసుకోండి. మన ఊళ్ల ఉర్దూ యాస సినిమా పాటకి పనికిరాదు కానీ, ఆ అక్షరాలు గొంతులో ఎక్కడి నుంచి రావాలో వాళ్లకి పుట్టుకతో తెలుసు. అర్థం తెలియకుండా పాడితే మాత్రం మొదటి లైన్లోనే దొరికిపోతారు. మన బాలు గారు హిందీ పాటకి కూడా జాతీయ అవార్డు తెచ్చుకున్నారు, కాబట్టి భాష రాదని సాకు చెప్పడానికి మనకి అసలు వీల్లేదు.

జనం ముందు పాడే అలవాటు లేకపోతే ఇప్పటి నుంచే చేసుకోండి. వినాయక చవితి పందిళ్లు, గుడి ఉత్సవాలు, ప్రకాశం వైపైతే సింగరకొండ లాంటి తిరునాళ్లు, ఏ ఆర్కెస్ట్రా వాళ్లనైనా బతిమాలి ఒక పాట అడగండి. మైకు సరిగ్గా ఉండదు, మన గొంతు మనకి వినిపించే మానిటర్ స్పీకర్ ఉండదు, ముందు వరసలో పిల్లలు గోల చేస్తుంటారు, మీ పాట మధ్యలో ఎవరిదో స్కూటర్ అడ్డం తీయమని అనౌన్స్‌మెంట్ వస్తుంది. అక్కడ శృతి నిలబెట్టుకున్నవాడికి ఏసీ గది ఏపాటి?

ప్రయాణం గురించి. ఆడిషన్ చెన్నైలో అయితే నెల్లూరోళ్లకి పెద్ద ఇబ్బంది లేదు. హైదరాబాద్ అయితే అందరూ సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రంతా ప్రయాణం చేసి పొద్దున్నే దిగి నేరుగా పోయి లైన్లో నిలబడతారు. వద్దు. ఒకరోజు ముందే పోండి, చుట్టాలింట్లోనో లాడ్జిలోనో పడుకుని నిద్ర పోండి. గొంతుకి నిద్రని మించిన మందు లేదు, ఈ మిరియాల పాలూ లవంగాలూ అన్నీ దాని తర్వాతే. ముందు రోజు రాత్రి చేపల పులుసు వద్దు, ఎంత మన పులుసైనా సరే. పులుపూ కారమూ తిని ఆలస్యంగా పడుకుంటే పొద్దునకి గొంతులోకి పులిత్రేన్పులు వచ్చి బొంగురు పోతుంది. లైన్లో గంటలకి గంటలు నిలబడాలి, నీళ్ల సీసా, రెండు ఇడ్లీలు, గొడుగు దగ్గర పెట్టుకోండి, పక్కవాడితో పోటీగా పాడుతూ గొంతు అక్కడే ఖర్చు చేసుకోవద్దు. ఆ లైన్లో అందరూ మీకంటే బాగా పాడుతున్నట్టే అనిపిస్తుంది, నమ్మకండి.

ఇంకో విషయం, మొదటి రౌండ్లో టీవీలో కనపడే జడ్జిలు ఉండరు. షో తరఫున పెట్టిన మ్యూజిక్ వాళ్లు వింటారు, వడపోత అయిన తర్వాతే అసలు జడ్జిల ముందుకి పోయేది. "నీ గురించి చెప్పు" అని తప్పకుండా అడుగుతారు. టీవీకి కథ కావాలి, అది వాళ్ల పని. ఉన్నది ఉన్నట్టు రెండు మాటల్లో చెప్పండి. మీ నాన్న ఆక్వా చెరువు మీద పనిచేస్తుంటే అదే చెప్పండి, లేని పేదరికం, లేని రోగం తెచ్చిపెట్టుకోవద్దు, ఊళ్లో తిరిగేది మళ్లీ మీరే.

డబ్బులు కట్టమని ఎవరైనా ఫోన్ చేస్తే ఆ ఫోన్ కట్ చేసేయండి. "రిజిస్ట్రేషన్‌కి ఇంత, నేరుగా రెండో రౌండ్‌కి ఇంత" అని చెప్పేవాళ్లు ప్రతి సీజన్‌కీ పుట్టుకొస్తారు. పాడించుకోడానికి డబ్బు అడిగితే అది షో కాదు, మోసం. చానల్ సొంత యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో ఉన్న వివరాలే చూడండి, వయసు నిబంధన కూడా అక్కడే చదువుకోండి, సీజన్ సీజన్‌కీ మారుతుంటుంది. పద్దెనిమిది నిండని వాళ్లైతే అమ్మనో నాన్ననో వెంట తీసుకుపోండి, సంతకాలు ఉంటాయి. ఆధార్ జిరాక్సులు, ఫొటోలు కాస్త ఎక్కువే పెట్టుకోండి. ఫారంలో రాసే ఫోన్ నంబరు మాత్రం మీ చేతిలో ఉండేదే రాయండి, రీచార్జ్ లేక మూలన పడున్న రెండో సిమ్ నంబరు కాదు. పిలుపు ఎప్పుడొస్తుందో చెప్పరు, తెలియని నంబరు నుంచి వస్తుంది, ఎక్కువగా హిందీలోనే మాట్లాడతారు. ఆ నెలంతా తెలియని నంబర్లు ఎత్తండి.