రాజమండ్రి పాత ఊళ్లో గట్టు పక్కన కాపురం పెట్టాలంటే

కోటగుమ్మం, ఇన్నీసుపేట, మెయిన్ రోడ్డు వెనక సందులు, కోటిలింగాల రేవు వైపు వీధులు. ఈ చుట్టుపక్కల ఇల్లు వెతుక్కునేవాళ్లంతా మొదట అడిగేది గోదారొస్తే ఇల్లు మునుగుతుందా అని. ఊరికీ గోదారికీ మధ్య గట్టుంది, దాని సంగతి చూసుకునే శాఖలున్నాయి. పాత ఊళ్లో కాపురాన్ని ఏటేటా ఇబ్బంది పెట్టే నీళ్లు వేరు. గోదారిలో కలవలేక మురుగు కాలువలో నిలబడిపోయి ఇంట్లోకి ఎదురొచ్చే వాన నీళ్లు ఒకటి. నేలలోంచి గోడ పైకి పాకే చెమ్మ రెండోది. ఇల్లు చూసేటప్పుడు ఈ రెండింటి సంగతి తేల్చుకుంటే ముప్పాతిక పని అయినట్టే.

ఇల్లు చూడ్డం

ఏప్రిల్‌లో చూసి అడ్వాన్సు ఇవ్వొద్దు. ఎండల్లో ప్రతి గోడా పొడిగానే కనిపిస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో గట్టి వాన పడ్డ మర్నాడు పొద్దున్నే వెళ్లండి. వేసవిలోనే చూడాల్సి వస్తే గోడ అడుగు భాగం చూడండి. నేల నుంచి మూడు నాలుగు అడుగుల వరకు మాత్రమే కొత్త సిమెంటు పూత ఉన్నా, హాల్లో గోడకు నడుం ఎత్తు దాకా టైల్స్ అతికించి ఉన్నా, అక్కడ దాస్తున్నది చెమ్మే. బీరువాలు, మంచాలు గోడకు జరిపి పెట్టి ఉంటే వాటిని కదిపించి వెనక చూడండి. మొహమాటపడితే నష్టం మనకే.

తర్వాత ఎత్తు. రోడ్డు వేసినప్పుడల్లా పాత పొర మీదే కొత్త పొర పోస్తూ వచ్చారు కాబట్టి, ఒకప్పుడు నాలుగు మెట్లెక్కి చేరే అరుగు ఇప్పుడు చాలా ఇళ్లకు రోడ్డుతో సమానమైంది. తాపీమేస్త్రీ వాడే నీళ్ల ట్యూబుతో రోడ్డు నడిమికీ గడప పైభాగానికీ తేడా కొలవండి. అడుగున్నర ఉంటే నిశ్చింత. అడుగు లోపైతే కింది వాటా వద్దు, మేడ మీద వాటా చూసుకోండి. గడప రోడ్డు కంటే కిందికుంటే అద్దె ఎంత తక్కువైనా ఆ ఇల్లు వదిలేయడమే మంచిది. పెరడు వీధి కంటే పల్లమా అన్నదీ చూడాలి. చాలా పాత ఇళ్లలో మండువాలో పడ్డ వాన నీరు పెరట్లోంచే బయటికి పోతుంది. ఆ దారి ఎవరో పక్కింటివాళ్లు మూసేసి ఉంటే మండువా చిన్న చెరువవుతుంది.

వరద రోజుల్లో కాలువ తీరు

ఊరి మురుగూ వాన నీరూ నల్లా ఛానల్, ఆవ ఛానల్ వంటి కాలువల్లోంచి గోదారిలోకి పోతాయి. గోదారి మట్టం కాలువ మట్టం కంటే పైకి వచ్చిందంటే తూము షట్టర్లు దించేస్తారు. లేకపోతే ఏటి నీరు ఊళ్లోకి వస్తుంది. అక్కణ్ణుంచి ఊరి నీటిని మోటార్లతో తోడి పోయాల్సిందే. సరిగ్గా అప్పుడే ఊళ్లో కుంభవృష్టి కురిస్తే మోటార్లు అందుకోలేవు. ఆర్యాపురం, తుమ్మలావ లాంటి పల్లపు చోట్ల ముందు నిలబడుతుంది, తర్వాత మిగతా వీధుల వంతు. అందుకే ఊళ్లో వాన లేకుంటే, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఇచ్చే మూడో వరద హెచ్చరికప్పుడు కూడా ఇల్లు పొడిగా ఉండొచ్చు. వాన తోడైతే మొదటి హెచ్చరికకే బాత్‌రూమ్ జాలీలోంచి నల్లనీరు ఉబుకుతుంది.

దీనికి మందు, ఇంటి మురుగు పైపు వీధి కాలువలో కలిసే ముందు, నీళ్లను బయటికి వదిలి వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు. పైపు 110 మిల్లీమీటర్లదైతే వాల్వు కూడా అదే సైజు. దాన్ని మట్టిలో పూడ్చేయకుండా, చెయ్యి పట్టేంత చాంబరు కట్టి, మూత తీసేలా పెట్టించండి. లోపలి రేకు బయటి కాలువ వైపు తెరుచుకోవాలి. తిరగేసి బిగించే ప్లంబర్లు ఉన్నారు, బకెట్ నీళ్లు పోసి చూసుకోండి. వెంట్రుకలు, ప్లాస్టిక్ కవర్లు ఇరుక్కుంటే రేకు పూర్తిగా మూసుకోదు, వాల్వు ఉండీ లేనట్టే. మే నెలాఖరులో ఒకసారి, శ్రావణంలో ఒకసారి విప్పి కడగాలి.

వాల్వు మూసుకుంటే మన నీళ్లు కూడా బయటికి పోవు. ఈ సంగతి మర్చిపోయి స్నానాలు చేస్తే సొంత మురుగే ఇంట్లో తేలుతుంది. వాల్వుకు ఇంటివైపు రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గుంట కట్టిస్తే సుమారు 340 లీటర్లు పడతాయి. వాడకం తగ్గించుకుంటే నలుగురికి ఒక రోజు గడుస్తుంది. అందులో అర హార్స్‌పవర్ మురుగు పంపు వేసుకుంటే ఇంకా ఆసరా.

సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయించడం ఎండాకాలంలోనే ముగించాలి. వానాకాలంలో భూమిలో నీరు పైకొచ్చి ఉంటుంది. అప్పుడు ట్యాంకు తోడేస్తే లోపల ఒత్తిడి ఉండదు, బయటి నీటి ఒత్తిడికి పాత ఇటుక గోడ లోపలికి పడిపోతుంది.

హెచ్చరికలు చదవడం

పైన భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలు. మనకు లెక్క ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరిది. 11.75 అడుగులకు మొదటిది, అంటే దాదాపు 10 లక్షల క్యూసెక్కులు. 13.75కి రెండోది, 13 లక్షలు. 17.75కి మూడోది, 17 లక్షలు. భద్రాచలంలో అడుగులు పెరగడం మొదలైందంటే ఇక్కడ సర్దుకోడానికి కాస్త వ్యవధి ఉన్నట్టు. 1986లో అక్కడ 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చాయి కాబట్టి 53 దగ్గరే వరద ఆగిపోతుందనుకోవద్దు.

భద్రాచలంలో మొదటి హెచ్చరిక వచ్చాక వాల్వు చాంబరు మూత తీసి చూడండి, తాగే నీళ్లు రెండు రోజులకు సరిపడా పట్టుకోండి. ధవళేశ్వరంలో రెండోది వచ్చి, ఆకాశం మబ్బుగా ఉంటే ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ కింద ఇటుకలు పెట్టి అడుగు ఎత్తు లేపండి, దస్తావేజులు అటక మీదికి చేర్చండి, బండ్లు మెరక వీధిలో పెట్టండి. నీళ్లు గడప తాకేదాకా ఆగకుండా కింది అంతస్తు కరెంటు తీసేయాలి. రేవుల్లో మెట్లు మునిగాక స్నానాలకు దిగొద్దు. ఎర్రనీళ్లలో మెట్టెక్కడుందో కనిపించదు, పాచి మీద కాలు నిలవదు.

గోడకు పట్టిన చెమ్మ

పాత ఇళ్ల గోడలు ఒకటిన్నర, రెండు అడుగుల మందం. సున్నంతోనో మట్టితోనో కట్టినవి. పునాది మీద చెమ్మ ఆపే పొర వీటికి లేదు. నేలలోని తేమ ఇటుకల్లోకి ఎక్కి, సున్నపు పూతలోంచి గాలికి ఆరిపోవాలి. ఆ గోడ బతికేది అలాగే. దానికి సిమెంటు పూత పూసి, పుట్టీ పెట్టి, ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే ఆరే దారి మూసుకుపోతుంది. తేమ ఇంకాస్త పైకెక్కి, పూత ముగిసిన చోట బయటపడుతుంది. తేమతో వచ్చిన ఉప్పు పూత వెనక గట్టిపడి పెచ్చులు ఊడదోస్తుంది. మూడేళ్లకోసారి సిమెంటు మీద సిమెంటు పూయించే ఖర్చుకు, ఒక్కసారి సున్నంతో సరిచేయడం చవక.

వరస ఇదీ. ముందు గోడ పక్క కారే కుళాయి, నిలిచే కాలువ, గోడను ఆనుకుని పోసిన కాంక్రీటు చూడండి. గోడకూ కాంక్రీటుకూ మధ్య అరడుగు వదిలి కంకర నింపితే చెమ్మ తగ్గుతుంది. తర్వాత ఫిబ్రవరిలో, చెమ్మ గీత కనిపించిన చోటి కంటే అడుగు పైదాకా ఉన్న సిమెంటు పూతను చెక్కించి తీసేయించండి. ఇటుకల మధ్య కీళ్లను అర అంగుళం లోతు గీకించండి. పైకి వచ్చిన ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపాలి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. గోడను రెండు నెలలైనా ఎండనివ్వండి. గోడ మేకుతో గీస్తే మట్టి రాలుతోందంటే అది మట్టి కట్టుబడి. అలాంటి దాంట్లో రంధ్రాలు పెట్టి మందు ఎక్కించే పద్ధతి ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు, డబ్బు దండగ.

పూతకు కనీసం పదిహేను రోజులు నానిన సున్నం ఒక పాలు, జల్లించిన గోదావరి ఇసుక మూడు పాళ్లు. మొదటి పూత 12 మిల్లీమీటర్లు, మీది పూత 5. గోనె పట్టా కప్పి వారం పది రోజులు తడి ఆరకుండా చూడాలి. సున్నం గాలి పీల్చుకుంటూ నిదానంగా గట్టిపడుతుంది, ఎండకు వదిలేస్తే పగుళ్లే. పైన వెల్ల మూడు పల్చటి పూతలు. మొదటి ఏడు మళ్లీ కొంచెం ఉప్పు పూస్తుంది. కంగారు పడకుండా దులిపేస్తే చాలు.

కప్పు

మేడల్లో ఎక్కువగా మద్రాసు టెర్రస్. టేకు దూలాల మీద అడ్డంగా నిలబెట్టిన ఇటుకలు, మీద సున్నం కంకర, ఆపైన పలకలు. కారుతోందని దాని మీద మూడంగుళాల సిమెంటు కాంక్రీటు పోయించడం ఊళ్లో మామూలైపోయింది. లెక్క వేయండి. మూడంగుళాల కాంక్రీటు చదరపు అడుక్కి 17 కిలోలు. పది బై పన్నెండడుగుల గది మీద రెండు టన్నులు. నూరేళ్ల దూలం మీద ఇంత బరువు పెట్టడం ప్రమాదం. కారే చోట పగుళ్లు గీకి, సుర్కీ, అంటే ఇటుక పొడి, కలిపిన సున్నంతో నింపి, నీళ్లు తూముల వైపు పోయేలా వాటం సరిచేస్తే చాలు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను. దాన్ని గది నడిమి మీద పెట్టకుండా, రెండు గోడలు కలిసే మూల మీద పెట్టండి.

దూలం చివరలే ముందు పుచ్చుతాయి, గోడలోకి దూరిన చోట. స్క్రూడ్రైవరుతో పొడిస్తే పావు అంగుళం కంటే లోపలికి దిగిందంటే ఇంజినీరుని పిలవాల్సిందే. పెంకుటింటికైతే ఇంత బాధ లేదు. ఏటా మే నెలలో పెంకు సర్దించి, పగిలినవి మార్పించుకోవాలి. గూనపెంకు ఇప్పుడు తేలిగ్గా దొరకదు, ఎక్కడైనా పాత ఇల్లు పడగొడుతుంటే వంద తెచ్చి పెరట్లో పేర్చి ఉంచుకోండి.

చెదలు, నుయ్యి, కరెంటు

చెదలకు గోడా నేలా కలిసే చోట అడుగుకొక రంధ్రం, 12 మిల్లీమీటర్ల వ్యాసం. 20 శాతం క్లోర్‌పైరిఫాస్ ఒక లీటరుకు 19 లీటర్ల నీళ్లు కలిపి, రంధ్రానికి లీటరు చొప్పున పోసి సిమెంటుతో మూస్తారు. పెరట్లో నుయ్యి ఉంటే ఆ వైపు ఈ మందు వాడొద్దు, అక్కడ చెక్క మార్చి ఇనప చట్రం పెట్టుకోవడం మేలు. నూతి నీళ్లకు మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల బ్లీచింగ్ పౌడరు. రెండు మీటర్ల వ్యాసం, మూడు మీటర్ల నీరు ఉన్న నుయ్యికి 24 గ్రాములు. రాత్రి కలిపి పొద్దున వాడండి. మురుగు కలిస్తే మొత్తం తోడించి, పరీక్ష చేయించాక మాత్రమే తాగాలి.

కరెంటు తీగ చెక్క పట్టీ మీద పోతుంటే మొత్తం మార్పించండి. ఎర్తింగ్ కొత్తగా వేయించి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. చెమ్మ గోడల ఇంట్లో ప్రాణం కాపాడేది అదే. కింది అంతస్తు ప్లగ్గులు నేల నుంచి నాలుగడుగుల పైన, విడి ఎంసీబీ మీద ఉండాలి.

కొనేటట్లయితే

ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం, 1983 నుంచే వస్తుంది. ఈ వీధుల్లో అంతకు ముందటి పంపకాలే చిక్కు కాబట్టి సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో పాత రికార్డు వెతికించండి. వాటాదారుల్లో ఆడపిల్లల సంతకాలు ఉన్నాయా చూడండి. గుళ్లకూ సత్రాలకూ చెందిన స్థలాలు పాత ఊళ్లో చాలా ఉన్నాయి, రిజిస్ట్రేషన్ కుదరని స్థలాల 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు లేదని తేల్చుకోకుండా బయానా ఇవ్వొద్దు. ఉమ్మడి గోడ ఎవరిదో దస్తావేజులో రాయించండి. నగరపాలక సంస్థ టౌన్ ప్లానింగ్‌లో రోడ్డు వెడల్పు గీత అడగండి. ఇంటి ముందు గది ఆ గీతలో పడితే ధర ఆ మేరకు తగ్గాలి.

మరమ్మతులు పెట్టుకునేవాళ్లు పుష్కరాలను లెక్కలో ఉంచుకోవాలి. 2015 జూలై తర్వాత మళ్లీ 2027లో. ఆ పన్నెండు రోజులు రేవుల చుట్టూ బండ్లు రానివ్వరు, ఇసుక లారీ సందులోకి రాదు. అంతకు ముందు నెలల్లో ఊళ్లో మేస్త్రీలంతా రేవుల పనుల్లో ఉంటారు. సున్నం పని ఆ ఏడు మాత్రం ఫిబ్రవరి దాకా ఆగకుండా, ముందు చలికాలంలోనే గోడల పాత పూత చెక్కించి పెట్టుకోండి.